పాటల పోటీలు సంగీతపు ఒరవడిని మారుస్తాయా?

ఏటా మే నెలలో, యూరప్ దేశాలు తమ తమ పాటలతో తలపడే యూరోవిజన్ పోటీ ముగియగానే ఒక వాదన మొదలవుతుంది. గెలిచిన పాట విని, ఇక వచ్చే ఏడాదంతా ఈ తరహా పాటలే రాజ్యమేలుతాయని కొందరు జోస్యం చెబుతారు. ఆ పోటీ ఒక వేరే లోకమని, జనం రోజూ వినే పాటలకూ దానికీ సంబంధం లేదని మరికొందరు కొట్టిపారేస్తారు. చెప్పుకోవడానికి ఇరుపక్షాలకూ గట్టి ఉదాహరణలే ఉన్నాయి. అయినా వాదన ఏళ్ల తరబడి తెగకపోవడానికి కారణం ఉంది. ఒకదానికొకటి చుట్టరికమే తప్ప ఒకటి కాని మూడు విషయాలను ఇద్దరూ కలగలిపి మాట్లాడుతున్నారు.

మొదటిది హిట్: ఒక పాట బాగా అమ్ముడుపోవడం, చార్టుల్లో (పాటల ఆదరణ జాబితాల్లో) పైకెక్కడం. రెండవది అవకాశం: నిన్నటిదాకా తన దేశం దాటని గాయకుడికో బృందానికో బయటి ప్రపంచంలో పేరు రావడం. మూడవది ఒరవడి: ఒక పాటలోని లయను, వాద్యాల కూర్పును, గానపద్ధతిని ఇతరులు అందుకుని, పోటీతో సంబంధం లేని పాటల్లో కూడా కొన్నేళ్లపాటు వాడుకోవడం. హిట్ అయిన ప్రతి పాటా ఒరవడి సృష్టించదు. కాబట్టి ఒక పాట సంగీతపు దారిని మళ్లించిందని ఎవరైనా అన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసి చూడటం మంచిది. ఆ ధోరణి పోటీకి ముందే బజారులో ఉందా? పోటీ తరువాత ఇతరులు నిజంగా దాన్ని అనుసరించారా? పోటీయే లేకపోతే అది వచ్చేది కాదా? మూడో ప్రశ్నకు రుజువుతో జవాబు చెప్పడం ఎప్పుడూ కష్టమే. అయితే మొదటి రెండింటికి తేదీలు చాలావరకు జవాబు చెబుతాయి.

## పోటీ నిర్మాణం

ఇటలీలోని శాన్‌రెమో పట్టణంలో 1951లో ఒక పాటల ఉత్సవం మొదలైంది. దాన్ని నమూనాగా తీసుకుని, ప్రసార సంస్థల సమాఖ్య అయిన యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ 1956 మే 24న స్విట్జర్లాండ్‌లోని లుగానోలో తొలి యూరోవిజన్ పోటీ నిర్వహించింది. పాల్గొన్నవి ఏడు దేశాలు, ఒక్కొక్కటి రెండేసి పాటలతో. సంగీతాన్ని కొత్త దారి పట్టించాలన్న ఉద్దేశం ఆనాటి నిర్వాహకులకు లేదు. వేర్వేరు దేశాల టెలివిజన్ కేంద్రాలను కలిపి ఒకే కార్యక్రమాన్ని ఏకకాలంలో ప్రసారం చేయగలమా అన్నది వారు పరీక్షించుకున్న విషయం. ఈ పుట్టుకను గుర్తుపెట్టుకుంటే తరువాతి చరిత్ర చాలావరకు అర్థమవుతుంది. పోటీకి యజమానులు ప్రసార సంస్థలు. పాటల కంపెనీలు కావు, యువ శ్రోతలు అంతకన్నా కారు.

నిబంధనలు కూడా పాట రూపాన్ని బిగిస్తాయి. పాట మూడు నిమిషాలకు మించకూడదు. వేదికపై ఆరుగురికన్నా ఎక్కువ ఉండకూడదు. ప్రధాన గాత్రం అక్కడికక్కడ పాడాల్సిందే. అంతకుముందు ఏడాది సెప్టెంబరు 1కి ముందు విడుదలైన పాట పనికిరాదు. 1998 వరకు పాటలకు తోడుగా వేదిక దగ్గర వాద్యబృందం ఉండేది. తరువాత రికార్డు చేసిన సంగీతమే ఆనవాయితీ అయింది. ప్రేక్షకుల ఫోన్ ఓటు 1997లో అయిదు దేశాల్లో ప్రయోగంగా మొదలై, ఆ మరుసటి ఏడాది చాలా దేశాలకు పాకింది. 2009 నుంచి అంతిమ పోటీలో ప్రేక్షకుల ఓటుకూ న్యాయనిర్ణేతల మార్కులకూ సగం సగం విలువ ఇస్తున్నారు.

## అందరూ చెప్పే ఉదాహరణ: అబ్బా

పోటీకి ప్రభావం ఉందనేవారు ముందుగా చెప్పే పేరు స్వీడన్ బృందం అబ్బా. 1974 ఏప్రిల్ 6న ఇంగ్లండులోని బ్రైటన్‌లో వారు 'వాటర్లూ' పాడి గెలిచారు. మెరిసే దుస్తులు, ఎత్తు మడమల బూట్లు, నెపోలియన్ వేషం వేసుకుని వాద్యబృందాన్ని నడిపించడానికి వచ్చిన నిర్దేశకుడు — ఆ మూడు నిమిషాలూ అంతవరకు ఆ వేదికపై సాగిన పద్ధతికి భిన్నంగా ఉన్నాయి. పాట బ్రిటన్‌లో మొదటి స్థానానికి, అమెరికాలో ఆరో స్థానానికి చేరింది. హిట్ అనే కొలతలో, అవకాశం అనే కొలతలో ఇంతకన్నా ఏం కావాలి?

ఒరవడి దగ్గరికి వచ్చేసరికి కథ చిక్కుపడుతుంది. ఆ పాటలోని హుషారు లయ, ఆ తళుకు దుస్తులు గ్లామ్ రాక్ అనే ఆడంబర వేషాల రాక్ సంగీతం నుంచి వచ్చినవి. 1973 నాటికే బ్రిటిష్ చార్టులు ఆ తరహా పాటలతో నిండి ఉన్నాయి. అంటే అబ్బా బ్రిటన్‌కు కొత్త బాణీ తేలేదు. బ్రిటన్ బాణీనే నైపుణ్యంతో తిరిగి బ్రిటన్‌కు వినిపించింది. (అయినా ఆ రాత్రి బ్రిటిష్ న్యాయనిర్ణేతలు ఆ పాటకు ఒక్క మార్కూ వేయలేదు.) ఆ తరువాత ఏడాదిన్నరపాటు బ్రిటన్‌లో వారి పాటలేవీ పెద్దగా నిలబడలేదు. 1975 శరత్తులో 'ఎస్ఓఎస్' మొదటి పదిలోకి వచ్చాకే వారిని ఒకే ఒక్క పాటతో వెలిగిన బృందంగా కాక, నిలదొక్కుకున్న కళాకారులుగా చూడటం మొదలైంది. తరువాతి తరాల పాప్ సంగీతకారులు అబ్బా నుంచి నేర్చుకున్నామని చెప్పుకునే పొరలు పొరల గాత్రాల కూర్పు, సంతోషపు లయలో దాగిన విషాదం వారి తరువాతి పాట 'డాన్సింగ్ క్వీన్' కాలానివి. అవి పోటీ వేదిక మీద కాదు, స్టూడియోలో తయారయ్యాయి.

ఇక్కడ పోటీ సమర్థకులకు న్యాయమైన జవాబు ఒకటి ఉంది. బ్రైటన్ లేకపోతే స్టాక్‌హోమ్ బృందాన్ని లండన్ వినేది కాదు, లండన్ వినకపోతే 'డాన్సింగ్ క్వీన్' లోకమంతా తిరిగేది కాదు. నా దృష్టిలో ఈ వాదన బలమైనదే. అయితే అది రుజువు చేసేది మనుషులకు తలుపు తెరుచుకుందనే తప్ప, ఆ తలుపులోంచి కొత్త సంగీతం వచ్చిందని కాదు. ఈ తేడా ముందుముందు పదేపదే కనిపిస్తుంది.

## ఆలస్యంగా వచ్చే అతిథి

తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే పోటీ ధోరణులకు ముందు నడిచిన సందర్భాలకన్నా వెనక నడిచిన సందర్భాలే ఎక్కువ. లుగానోలో వాద్యబృందాల నడుమ మృదువైన గీతాలు వినిపించిన 1956 వసంతంలోనే ఎల్విస్ ప్రెస్లీ 'హార్ట్‌బ్రేక్ హోటల్' అమెరికా చార్టుల్లో మొదటి స్థానంలో ఉంది. 1964 మార్చి 21న యూరోవిజన్ గెలిచింది ఇటలీకి చెందిన పదహారేళ్ల జిల్యోలా చిన్‌క్వెత్తి పాడిన సున్నితమైన ప్రేమగీతం. సరిగ్గా రెండు వారాల తరువాత, ఏప్రిల్ 4 నాటి అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డ్‌లో మొదటి అయిదు స్థానాలూ బీటిల్స్‌వే. యువతరం సంగీతాన్ని తలకిందులు చేసిన ఆ బీట్ ధ్వని పోటీలో గెలవడానికి 1965 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది లగ్జెంబర్గ్ తరఫున ఫ్రాన్స్ గాల్ పాడిన పాటకు రచయిత సెర్జ్ గేన్స్‌బూర్. ర్యాప్ సంగతి మరీ ఆలస్యం. అమెరికాలో ర్యాప్ పాట తొలిసారి పెద్ద హిట్ అయింది 1979లో. ర్యాప్ ప్రధానంగా ఉన్న పాట యూరోవిజన్ గెలిచింది 2022లో, ఉక్రెయిన్ బృందం కలుష్ ఆర్కెస్ట్రా చేతుల్లో.

ఈ వెనకబాటుకు కారణం నిర్మాణంలోనే ఉంది. చాలా దేశాల జనం ఒకే రాత్రి, చాలామంది మొదటిసారి వింటూ, పాతిక పాటల్లోంచి ఒకదాన్ని ఎంచాలి. అలాంటి చోట బొత్తిగా కొత్తదైన ధ్వని ప్రమాదకరం. ఇదివరకే చెవికి అలవాటైన దాన్ని కొత్త ముస్తాబుతో అందిస్తే సురక్షితం. పాట ఎంపిక ప్రసార సంస్థల చేతిలో ఉండటం, తొలి నాలుగు దశాబ్దాలు వాద్యబృందానికి ఒదిగే పాటలే ఎక్కువగా నెగ్గుకురావడం, అన్ని వయసులవారు కలిసి చూసే కార్యక్రమం కావడం దీనికి తోడయ్యాయి.

2012లో స్వీడన్ గాయని లోరీన్ బాకూ నగరంలో పాడిన 'యుఫోరియా'ను ఈ కోణంలో దగ్గరగా చూడవచ్చు. చీకటి వేదిక, చెప్పుల్లేని పాదాలు, ముఖాన్ని సగం కప్పే జుట్టు, చివర్లో కురిసే కృత్రిమ మంచు, చాలాసేపటి దాకా ఒంటరిగానే ఉన్న ఆమె పక్కకు ఆఖరున వచ్చే ఒకే ఒక్క నర్తకుడు. పాట మాత్రం నెమ్మదిగా మొదలై, ఉత్కంఠ పెంచి, పల్లవి దగ్గర ఒక్కసారిగా డాన్స్ లయలోకి దూకుతుంది. డేవిడ్ గెట్టా, కాల్విన్ హ్యారిస్ వంటి డాన్స్ సంగీతకారులు అంతకు రెండుమూడేళ్ల ముందునుంచే రేడియోల్లో స్థిరపరిచిన నిర్మాణమిది. యూరప్‌లోని అనేక దేశాల్లో 'యుఫోరియా' మొదటి స్థానానికి చేరింది. కానీ ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతపు కెరటాన్ని అది పుట్టించలేదు, పైకి లేచిన కెరటం మీద ఎక్కింది. అది మార్చింది పోటీ లోపలి ప్రదర్శనను. పాటకొక దృశ్యకల్పన, కెమెరా కదలికతో సహా ముందే రూపొందించుకున్న వేదిక అన్న పద్ధతికి ఆ ప్రదర్శన కొలమానంగా నిలిచింది.

పోటీ లోపలి ఒరవడులు వేరు, బయటి ఒరవడులు వేరు అనడానికి ఇంకో రుజువు ఉంది. 2003లో టర్కీ, 2004లో ఉక్రెయిన్, 2005లో గ్రీస్ జానపద వాద్యాలకు ఆధునిక డాన్స్ లయ జోడించిన పాటలతో వరుసగా గెలిచాయి. తరువాత కొన్నేళ్లు ఆ మిశ్రమాన్ని పోటీలో ఎన్నో దేశాలు అనుకరించాయి. బయటి చార్టుల మీద మాత్రం దానికి తగ్గ ముద్ర పడలేదు.

## ఏడుసార్లు గెలిచిన ఐర్లండ్

ఒక దేశపు సంగీతానికి పోటీ ఎంత మేలు చేస్తుందో తెలుసుకోవడానికి ఐర్లండ్‌కన్నా మంచి పరీక్ష లేదు. 1970 నుంచి 1996 వరకు ఆ చిన్న దేశం ఏడుసార్లు గెలిచింది, 1992 నుంచి 1994 దాకా వరుసగా మూడుసార్లు. పోటీ గెలుపే ఒరవడిని నిర్ణయిస్తుందంటే ఆ కాలపు ప్రపంచ పాప్ సంగీతం ఐరిష్ ప్రేమగీతాల మయం కావాలి.

జరిగింది వేరు. ఐరిష్ గాయకుడు జానీ లోగన్ రెండోసారి గెలిచిన 1987లోనే డబ్లిన్‌కు చెందిన యూటూ బృందం 'ది జాషువా ట్రీ' ఆల్బమ్ విడుదల చేసింది. షినేడ్ ఓకానర్ 1990లో, క్రాన్‌బెర్రీస్ తొంభైల నడుమ లోకమంతా మోగారు. వీరిలో ఎవరూ యూరోవిజన్ దారిన వచ్చినవారు కాదు. ఐరిష్ సంగీతం రెండు వేర్వేరు బాటల్లో ఒకేసారి నడిచింది. ఒక బాటలో విజయాలు, మరో బాటలో ప్రభావం.

అయితే ఇదే దేశం వ్యతిరేక రుజువును కూడా ఇస్తుంది. 1994 ఏప్రిల్ 30న డబ్లిన్‌లో పోటీ ముగిసి, ఓట్ల లెక్కింపు జరిగే వ్యవధిలో సుమారు ఏడు నిమిషాల నృత్య ప్రదర్శన ఒకటి వేశారు. బిల్ వీలన్ సంగీతం, జీన్ బట్లర్, మైకేల్ ఫ్లాట్లీల నృత్యం, వారి వెనక వరుసగా నిలబడి ఒకే తాళానికి పాదాలు మోపిన నర్తకుల బృందం. అదే 'రివర్‌డాన్స్'. మరుసటి ఏడాదికి అది పూర్తి స్థాయి ప్రదర్శనగా ఎదిగి దేశదేశాలు తిరిగింది. ఐరిష్ స్టెప్ డాన్స్‌ను చూసే దృష్టినే మార్చింది. మూడు ప్రశ్నల పరీక్షలో బహుశా అన్నిటికన్నా బాగా నెగ్గేది ఇదే. నియమాలకు లోబడి మార్కుల కోసం పోటీపడిన పాటలు చేయలేని పనిని, పోటీలోనే లేని ఒక విరామ అంశం చేసింది.

## నిజంగా దారి మళ్లించిన పాట

వెనకబాటు సూత్రానికి గట్టి మినహాయింపు 1958 నాటిది. డొమెనికో మొదూన్యో పాడిన, లోకం 'వోలారే' పేరుతో ఎరిగిన పాట ఆ ఏడాది యూరోవిజన్‌లో మూడో స్థానంతో సరిపెట్టుకుంది. అదే పాట అమెరికాలో కొత్తగా మొదలైన బిల్‌బోర్డ్ హాట్ 100లో అయిదు వారాలు మొదటి స్థానంలో నిలిచి, మొట్టమొదటి గ్రామీ పురస్కారాల్లో ఆ ఏటి రికార్డు, ఆ ఏటి పాట రెండూ గెలుచుకుంది. ఇటలీలో దాని ప్రభావం ఇంకా లోతైనది. చేతులు దగ్గరపెట్టుకుని హుందాగా పాడటమే మర్యాద అయిన కాలంలో మొదూన్యో రెండు చేతులూ బార్లా చాచి, గొంతు విప్పి పాడాడు. తన పాటను తానే రాసుకుని పాడే గాయకుల తరం ఆ తరువాత ఇటలీలో వచ్చింది.

ఈ మినహాయింపులో గమనించాల్సింది ఒకటుంది. ఇటలీని కదిలించిన సందర్భం యూరోవిజన్ కాదు, అంతకు కొన్ని వారాల ముందు శాన్‌రెమోలో అతని గెలుపు. జాతీయ పోటీకీ అంతర్జాతీయ పోటీకీ ఇక్కడే తేడా వస్తుంది. శాన్‌రెమో పాటలు ఇప్పటికీ ఇటలీ చార్టులను నింపుతాయి. ఎరోస్ రమజొత్తి, లౌరా పౌజిని, ఆండ్రియా బొచెల్లి అక్కడి నవగాయకుల విభాగంలో గెలిచే వెలుగులోకి వచ్చారు. ఒకే భాష, ఒకే శ్రోతృవర్గం, అదే రేడియోలు, ఏటేటా దేశమంతా చూసే వేదిక అయినప్పుడు పోటీకి అభిరుచిని మలిచే శక్తి వస్తుంది.

## స్వీడన్ గుట్టు

స్వీడన్ కూడా ఏడుసార్లు గెలిచింది. అంతకుమించి, అక్కడి రచయితలు ఇతర దేశాలకు పాటలు రాసిపెడతారు. 2011లో అజర్‌బైజాన్‌ను గెలిపించిన పాట రచయితల్లో స్వీడన్‌వారు ఉన్నారు. 'యుఫోరియా' రచయితల్లో ఒకరైన థామస్ జీసన్ పాటలు ఎన్నో దేశాల తరఫున వేదికెక్కాయి. పాప్ పాటల ఎగుమతిలో స్వీడన్ ఈ స్థాయికి చేరడానికి జాతీయ ఎంపిక పోటీ మెలొడీఫెస్టివాలెన్ కారణమా, లేక పాటల పరిశ్రమ బలంగా ఉండబట్టే ఆ పోటీ బలంగా ఉందా?

పోటీయే కారణమనేవారు, మూడు నిమిషాల్లో శ్రోతను కట్టిపడేసే పాట రాయడంలో దశాబ్దాల సాధన ఆ వేదిక ఇచ్చిందంటారు. ఎదుటిపక్షం చూపేది స్టాక్‌హోమ్‌లోని షైరన్ స్టూడియోను. తొంభైలలో డెనిజ్ పాప్, అతని శిష్యుడు మ్యాక్స్ మార్టిన్ అక్కడే బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్‌కు, బ్రిట్నీ స్పియర్స్‌కు పాటలు చేశారు. అమెరికా పాప్ పాట నిర్మాణాన్నే మార్చిన ఆ కృషికి యూరోవిజన్ వేదిక కాదు. మ్యాక్స్ మార్టిన్ తన ఎదుగుదలకు ప్రభుత్వ సంగీత విద్యను కారణంగా చెప్పుకున్నాడు. నాకు రెండో వాదన వైపే మొగ్గు ఎక్కువ. పోటీ ఆ పరిశ్రమకు పునాది కాకపోయినా, కొత్త రచయితలకు ఏటా పని దొరికే చోటుగా దాని పాత్రను తీసిపారేయలేము.

## స్ట్రీమింగ్ వచ్చాక

గత కొన్నేళ్లలో గెలుపుకూ ప్రచారానికీ ఉన్న బంధం సడలింది. నెదర్లాండ్స్‌కు చెందిన డంకన్ లారెన్స్ 2019లో 'ఆర్కేడ్'తో గెలిచాడు. ఆ పాట అమెరికా హాట్ 100లోకి వచ్చింది 2021లో, టిక్‌టాక్‌లో జనం దాన్ని తమ వీడియోలకు వాడుకున్నాక. అక్కడ 30వ స్థానందాకా ఎక్కింది. 2022లో అర్మేనియా గాయని రోసా లిన్ 'స్నాప్' అంతిమ పోటీలో 20వ స్థానంలో నిలిచింది. పోటీ ముగిశాక టిక్‌టాక్‌లోనే చిన్న వీడియోల ద్వారా వ్యాపించి అమెరికా చార్టుల్లోకి చేరింది. పోటీ ఇక్కడ చేసింది పాటను ఒక పెద్ద గిడ్డంగిలో అందరికీ కనిపించేలా పెట్టడం. తీసుకున్నది మాత్రం శ్రోతలు, తమకు తోచిన సమయంలో.

ఇటలీ రాక్ బృందం మొనెస్కిన్ కథ ఇంకా విచిత్రం. 2021 మే 22న రోటర్‌డామ్‌లో వారు గెలిచారు. ఆ వేసవిలో లోకమంతా మోగిన వారి పాట 'బెగిన్' మాత్రం పోటీలో పాడింది కాదు. 1967 నాటి అమెరికన్ పాటకు వారు 2017లోనే చేసిన పునర్గానం. పోటీ చూసి వారిని వెతికినవారికి అది దొరికింది. గిటార్ రాక్‌ను వారే మళ్లీ తెచ్చారన్న మాట అప్పట్లో గట్టిగా వినిపించింది. మొదటి ప్రశ్న వేసి చూస్తే, అమెరికా గాయని ఒలీవియా రోడ్రిగో పంక్ రాక్ ఛాయల పాట 'గుడ్ ఫర్ యూ' ఆ గెలుపుకు వారం ముందే విడుదలై ఉంది. ఆ గాలి అప్పటికే వీస్తోంది.

భాష విషయంలోనూ ఇదే చిక్కు. ఏ భాషలోనైనా పాడవచ్చన్న స్వేచ్ఛ 1999లో తిరిగి వచ్చాక ఇంగ్లీషు పోటీని ఆక్రమించింది. 2016 వరకు పూర్తిగా ఇంగ్లీషేతర భాషలో గెలిచింది 2007 నాటి సెర్బియా పాట ఒక్కటే. ఆ తరువాత 2017లో పోర్చుగీసు, 2021లో ఇటాలియన్, 2022లో ఉక్రేనియన్ పాటలు గెలిచాయి. సొంత భాషలో పాడే ధైర్యాన్ని పోటీయే ఇచ్చిందని కొందరి అభిప్రాయం. కానీ అదే 2017లో స్పానిష్ పాట 'దెస్పాసీతో' 16 వారాలు అమెరికా చార్టులో మొదటి స్థానంలో ఉంది. కొరియన్ పాటలు అప్పటికే ఖండాలు దాటుతున్నాయి. భాష తెలియని పాటకు శ్రోతలు అలవాటుపడటం స్ట్రీమింగ్ కాలపు విశాలమైన మార్పు. పోటీ అందులో భాగం పంచుకుంది. ఎంత భాగమన్నది కొలిచి చెప్పగలిగే విషయం కాదు.

## ఇతర ఖండాల పోటీలు

యూరప్ బయట కూడా ఇదే నమూనా కనిపిస్తుంది. యమహా సంస్థ టోక్యోలో 1970 నుంచి 1989 వరకు నడిపిన ప్రపంచ పాటల ఉత్సవంలో 1975లో అగ్ర బహుమతి గ్రాండ్ ప్రీ అందుకున్న మియూకీ నకజిమ జపాన్‌లో తరాలు మెచ్చిన గీతరచయిత్రి అయింది. చిలీలో 1960 నుంచి జరుగుతున్న వీన్యా దెల్ మార్ ఉత్సవంలో 1993లో పోటీపడి మూడో స్థానం పొందిన కొలంబియా అమ్మాయి షకీరా. ఈ రెండు చోట్లా పోటీ గుర్తించింది మనుషులను. షకీరా పేరు లోకానికి తెలియడానికి కారణమైన సంగీతం ఆ మూడో స్థానం తరువాత కొన్నేళ్లకు, ఆమె తన పాటలను తాను రాసుకుంటూ స్టూడియోలో కుదుర్చుకున్నది.

సోవియట్ కూటమి దేశాల కోసం పోలండ్‌లోని సోపోట్‌లో 1977 నుంచి 1980 దాకా జరిగిన ఇంటర్‌విజన్‌ను 2025 సెప్టెంబరులో రష్యా మాస్కోలో పునరుద్ధరించింది. భారత్ సహా పలు దేశాలు పాల్గొన్న ఆ పోటీలో వియత్నాం గాయకుడు దుక్ ఫుక్ గెలిచాడు. దాని వెనక రాజకీయ ఉద్దేశం మీద చర్చ చాలా జరిగింది, సంగీతం మీద తక్కువ. ఆ వేదిక ఏదైనా ఒరవడిని సృష్టిస్తుందా అంటే, చూడాల్సింది ప్రేక్షకుల సంఖ్యనో పతకాల పట్టికనో కాదు. అక్కడ వినిపించిన బాణీలను హనోయ్‌లోనూ, మాస్కోలోనూ, ముంబయిలోనూ పోటీతో సంబంధం లేని సంగీత దర్శకులు వచ్చే రెండుమూడేళ్లలో తమ పాటల్లోకి తీసుకుంటారా అన్నది.